కోడిపిల్లలకు దూది పట్టీలు

పొద్దున్నే ఇల్లు కడగాలి, నూకలు తేవాలి, అంకమ్మరావు వాళ్ల పరుపు కుట్టడం ముగించాలి, శుక్రవారం సఫూరా ఆటో దిగేసరికి కోడిపిల్లలన్నీ వాకిట్లో కిచకిచమంటూ ఎదురెళ్లాలి. ఆ బుధవారం ఉదయం పరుపుల మాబు మనసులో వేసుకున్న ప్రణాళిక ఇది. ఇందులో ఇల్లు కడగడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది. అదీ అతను కడగలేదు.

పర్చూరుకు కాస్త ఎడంగా ఉన్న ఆ ఊళ్లో ఎవరింట పెళ్లి జరిగినా పరుపు మాబు కుట్టాల్సిందే. ఇంటి ముందు వసారాలో దూది ఏకే మిషను, వెనక దొడ్డి, దొడ్డి గోడ అవతల అంకమ్మరావు మిరప కల్లం. ఊరంతటికీ మెత్తటి పరుపులు కుట్టిపెట్టే ఆ మనిషి మూడు వారాలుగా వట్టి నులకమంచం మీద పడుకుంటున్నాడు. భార్య సఫూరా కూతురి కాన్పుకని చీమకుర్తి వెళ్లిన రోజే పరుపు చుట్టి అటక మీద పడేశాడు. ఎందుకని పక్కింటి సుబ్బరావమ్మ అడిగితే ఉక్కపోతగా ఉందన్నాడు. అప్పుడు ఊరంతా దుప్పట్లు కప్పుకుని తిరుగుతోంది.

కూతురు నాజియాకు అది రెండో కాన్పు. పెద్దవాడి బడి చెడిపోతుందని ఆ పిల్ల పుట్టింటికి రాకుండా తల్లినే అక్కడికి రప్పించుకుంది. కాన్పు సులువుగా అయింది, ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. అల్లుడు అయూబ్ గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజరు, బుద్ధిమంతుడు. ఇక సఫూరా వచ్చేయొచ్చు. కానీ వచ్చేయమని మాబు అనడే. ముప్పై ఏళ్ల కాపురంలో నువ్వు లేకపోతే తోచడం లేదని అతను అన్న పాపాన పోలేదు. అలాంటి మాటలు గొంతు దాకా వచ్చి, అక్కడి నుంచి దగ్గుగా మారి బయటపడేవి.

అతనికి దిక్కు ఒక్కటే, కోడి. సఫూరా వెళ్తూ వెళ్తూ ఎర్రపెట్టను పొదగేసి వెళ్లింది. రోజూ ఫోనులో పెట్ట మేత తిందా, నీళ్లు తాగిందా, గంప మీద రాయి పెట్టారా అని ఆమె అడిగేది, ఇతను చెప్పేవాడు. ఒకరోజు పెట్ట బెంగపెట్టుకుందని చెప్పాడు.

“పొదిగే పెట్టకు బెంగేంటండీ?” అంది సఫూరా.

“ఏమో. అన్నం సయించట్లేదు దానికి. రాత్రిళ్లు నిద్ర కూడా పట్టట్లేదు.”

“సరే, కనిపెట్టుకుని చూడండి” అని పెట్టేసింది. ఎర్రపెట్ట మాత్రం ఆ మూడు వారాలూ కళ్లు మూసుకుని గుడ్ల మీద హాయిగా కూర్చుంది.

ఆ బుధవారం తెల్లవారేసరికి గంప కింద నుంచి కిచకిచలు వినిపించాయి. మాబుకు పండగ వచ్చినట్టయింది. పిల్లలు లేచాక వచ్చి చూస్తానని సఫూరా అంతకుముందే ఫోనులో అంది. శుక్రవారం బయల్దేరతానని కూడా అంది. అతను గంప ఎత్తి, పెట్టను పక్కకు జరిపి, ఒక్కో పిల్లనూ చేతిలోకి తీసుకున్నాడు.

మొదటిది లేత పసుపు రంగులో పూలచెండులా ఉంది. రెండోదాని మెడ మీద నూగు లేదు. తల మీద ఉంది, వీపు మీద ఉంది, మధ్యలో మెడ మాత్రం ఎర్రటి తోలుతో బోసిగా ఉంది. మూడోదీ అంతే. నాలుగోదీ అంతే. మొదటిది తప్ప మిగతా పిల్లలన్నీ అలాగే ఉన్నాయి. ఒళ్లంతా దూది కూరి, మెడ దగ్గరికొచ్చేసరికి ఎవరో భోజనానికి లేచి వెళ్లిపోయినట్టుంది. భార్య ఒప్పజెప్పి వెళ్లింది ఒకే ఒక్క పని. చూస్తూ చూస్తూ దాన్ని పాడుచేశాడు.

అంతలో బోసిమెడ పిల్ల ఒకటి తుమ్మింది.

సుబ్బరావమ్మ గోడ మీద నుంచి చూసి తేల్చేసింది. “బొచ్చు ఊడిందంటే గజ్జన్నా అయ్యుండాలి, పేలన్నా పట్టుండాలి, దిష్టన్నా తగిలుండాలి.”

“మూడింట్లో ఏది పిన్నీ?”

“ఏదైతే ఏంరా, మూడింటికీ మందు ఒకటే. పసుపూ వేపనూనే.”

పసుపూ వేపనూనే కలిపి రాయడానికి మాబుకు మధ్యాహ్నం దాకా పట్టింది. జబ్బు పిల్లలు ఒక్కటీ ఒక పట్టాన చేతికి చిక్కలేదు. మంచం కింద దూరేవి, దూది బస్తాలెక్కేవి, పట్టుకుంటే వేలు పొడిచేవి, వదిలితే నూకల పళ్లెం మీదికి ఉరికేవి. పసుపు పచ్చని పిల్ల ఒక్కటే గంప పక్కన కళ్లు మూసుకుని ముడుచుకుని కూర్చుంది. మేత కోసం ఎగబడలేదు, అల్లరి చేయలేదు. “చూడు పిన్నీ, ఇది ఎంత బుద్ధిగా ఉందో” అన్నాడు మాబు. “మంచి వంశంలో పుట్టింది రా అది” అంది సుబ్బరావమ్మ.

మందు రాసిన మెడలు అంతకుముందు ఎర్రగా ఉండేవి, ఇప్పుడు నూనె కారుతూ పచ్చిపుండ్లలా కనిపించసాగాయి. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

“పిల్లలు లేచాయా?” సఫూరా గొంతులో ఆత్రం. మూడు వారాల్లో ఆ ఆత్రం వినడం మాబుకు అదే మొదలు.

“లేచాయి. బంగారంలా ఉన్నాయి.”

“ఫోటో పెట్టండి, చూస్తా.”

మాబు నలుగురికీ చూపించదగిన పిల్ల ఏదా అని వెతికి, బుద్ధిమంతురాలైన పసుపు పిల్లను అరచేతిలో పెట్టుకుని ఫోటో తీసి పంపాడు. కాసేపటికి మళ్లీ ఫోను.

“అదేంటండీ, కళ్లు మూసుకుంది?”

“నిద్రపోతోంది.”

“రెక్కలు వాలేసిందేంటి?”

“సుఖంగా నిద్రపోతోంది.”

“సరే. మిగతా వాటి మెడలెలా ఉన్నాయి?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది మాబు పని. ఎవరు చెప్పారు ఈవిడకు? సుబ్బరావమ్మ అప్పుడే ఫోను చేసేసిందా? “మెడలకేం?” అన్నాడు గొంతు సవరించుకుని. “బ్రహ్మాండంగా ఉన్నాయి. నిండా బొచ్చు. ఒక్కదానికి కూడా వెంట్రుకవాసి తోలు కనబడట్లేదు.”

“ఒక్కదానిక్కూడానా?”

“అల్లా సాక్షిగా” అనబోయి, మరీ అంత దూరం ఎందుకని, “మచ్చుకైనా లేదు” అన్నాడు.

ఆ మాటతో సఫూరా గొంతులోని ఆత్రం నీరుగారిపోయింది. అది మాబుకు ఫోనులో కూడా తెలిసింది. ఎందుకో మాత్రం అంతుబట్టలేదు. “పోనీలెండి” అంది ఆమె నెమ్మదిగా. “పాపకు జలుబు చేసింది. శుక్రవారం రాలేనేమో. వచ్చే నెల చూద్దాం.”

ఆ సాయంత్రం మాబు పొయ్యి వెలిగించలేదు. గుమ్మంలో కూర్చుని వీధి చివర్న ఆటోలు ఆగే చోటు చూస్తూ ఉండిపోయాడు. రాదని తెలిసీ చూశాడు. సఫూరా ఉంటే ఆ వేళకు దొడ్లో కోళ్లను గంప కింద మూస్తూ, వాటిని తిడుతూ, ఆ తిట్లలో సగం ఇతని మీదికి మళ్లిస్తూ ఉండేది. ఆ తిట్లు లేని ఇల్లు చెవుల్లో గుయ్యిమంటోంది. రమ్మంటే పోయేది. ఒక్క మాట. ఫోను చేతిలోకి తీసుకున్నాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. జలుబు చేసిన పసిబిడ్డను వదిలి రమ్మనడానికి నోరెలా వస్తుంది?

గురువారం పొద్దున్న చలిగాలి వీచింది. బోసిమెడలకు చలేస్తుందని మాబుకు తోచింది. ఇక వైద్యం తన చేతుల్లోకి తీసుకున్నాడు. తనకు తెలిసిన విద్య ఒకటే. అంకమ్మరావు పరుపు కోసం ఏకిన కొత్త దూది పిడికెడు తీసి, మల్లుగుడ్డ ముక్కల మధ్య పలచగా పరిచి, వేలెడంత పట్టీలు కుట్టాడు. దూది జారకుండా పరుపుకు వేసినట్టే మధ్యలో టాకాలు కూడా వేశాడు. ఒక్కో పట్టీనీ ఒక్కో మెడకు చుట్టి దారంతో వదులుగా ముడివేశాడు. మధ్యాహ్నానికి అరడజను కోడిపిల్లలు మెడలకు పరుపులు కట్టుకుని దొడ్లో పరుగులు తీస్తున్నాయి. ఎర్రపెట్ట వాటిని ఒక కంటితో చూసింది, తల తిప్పి రెండో కంటితో చూసింది, ఆపైన ముఖం తిప్పుకుంది.

పరుపు ఎంతదాకా వచ్చిందో చూద్దామని వచ్చిన అంకమ్మరావు కూడా అలాగే చూశాడు. అతను మాబుకు చిన్ననాటి స్నేహితుడు, మిరప రైతు. పందెం పుంజులంటే ప్రాణం.

“ఏంట్రా ఇది?” అన్నాడు.

మాబు జరిగింది చెప్పాడు. వింటూండగానే ఒక పిల్ల తుమ్మింది, ఆ వెంటనే ఇంకొకటి తుమ్మింది. అంకమ్మరావు నాలుగడుగులు వెనక్కి వేసి, తానూ తుమ్మాడు.

“ఒరేయ్, ఇది గాల్లో వచ్చే రోగంరా. నాకూ అంటింది” అన్నాడు, ముక్కు తుడుచుకుంటూ. గోడ అవతల అతని కల్లంలోనే కూలీలు ఎండుమిరప కాయలు బస్తాల్లో తొక్కుతున్నారు, ఆ ఘాటుకు వీధి వీధంతా తుమ్ముతోంది. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఏటా ఆ రోజుల్లో తుమ్మడం వాళ్లకు ఊపిరి తీసుకున్నంత మామూలు.

అంకమ్మరావు పరుగున ఇంటికి పోయి తన కాకిడేగ పుంజును పడగ్గదిలో ఏసీ కింద కట్టేసి తలుపు వేశాడు. భార్య శివపార్వతి చాప తీసుకుని హాల్లోకి మారింది. అంతకుముందే అతను పిల్లల ఫోటో ఒకటి తీసుకున్నాడు, మెడపట్టీలతో సహా. దాన్ని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, మెడ రోగానికి మందు తెలిసినవాళ్లు చెప్పగలరు అని రాశాడు.

మందు ఒక్కరూ చెప్పలేదు, రోగం గురించి మాత్రం అందరూ చెప్పారు. సాయంత్రానికి ఆ రోగానికి పేరు పెట్టారు. పొద్దుపోయేసరికి ఊళ్లో కోడిగుడ్లు కొనేవాళ్లు లేరు. సుబ్బరావమ్మ తన కోళ్లన్నిటి మెడలకూ పాత చీర పీలికలు చుట్టింది, ముందుజాగ్రత్తగా. ఆమెను చూసి ఇంకో ఇద్దరు చుట్టారు. రైతు సేవా కేంద్రంలో పశువైద్య సహాయకురాలు శ్రీరమ్య ఆ గ్రూపులో ఉంది కాబట్టి, పొద్దున్నే వస్తున్నాను, అప్పటిదాకా ఎవరూ ఏమీ చేయొద్దు అని పెట్టింది. గ్రూపులో అది ఎవరూ చదవలేదు.

శుక్రవారం పొద్దున్నే అంకమ్మరావు మూతికి తువ్వాలు బిగించి, మిరప చేనుకు మందు కొట్టే పంపులో సున్నపు తేట నింపుకుని వచ్చాడు.

“జరగరా, ఇల్లంతా కడిగేస్తాను.”

“వసారాలో దూదుందిరా.”

“దూది కంటే ప్రాణాలు ముఖ్యం.”

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాడన్నమాట. వాకిలి, వసారా, గోడలు, గడప, అన్నీ తడిసిపోయాయి. ఆ తడిలో కుట్టు పూర్తి కావచ్చిన పరుపు కూడా ఉంది. అది అంకమ్మరావు కూతురి పెళ్లికి కుట్టిస్తున్న పరుపే. తన పరుపును తనే తడుపుకున్న సంగతి అతనికి కాసేపటి తర్వాత తెలిసింది. అప్పటికే ముఖానికి మాస్కు, చేతులకు గ్లవ్సులతో శ్రీరమ్య స్కూటీ దిగుతోంది. వీధిలో జనం పోగయ్యారు. మాబు పిల్లల్ని గంప కింద పెట్టుకుని, తడిసిన లుంగీతో దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు.

వీధి చివర్న ఆటో ఆగింది. భుజాన సంచితో సఫూరా దిగింది.

మాబు లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. సంతోషించాలో దాక్కోవాలో తెలియలేదు. రాత్రి ఎవరో పంపిన ఫోటో, బోసిమెడల రోగమన్న రాతతో సహా, అయూబ్ ఫోనులోకి వచ్చింది, అతను నవ్వుతూ అత్తగారికి చూపించాడు. ఆమె నవ్వలేదు. సంచి సర్దుకుని, తెల్లవారుజామునే మొదటి బస్సెక్కింది.

సఫూరా జనాన్ని తోసుకుని వచ్చి, మొగుడి వంక కూడా చూడకుండా గంప ఎత్తింది. ఒక పిల్లను పట్టుకుని దారం విప్పి, దూది పట్టీ తీసి, బోసిమెడను వేలితో నిమిరింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల పోయిందనుకుని అంకమ్మరావు మూతికున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

“మా అమ్మ కోళ్లు” అంది సఫూరా.

సఫూరా పుట్టిల్లు అమరావతి దగ్గర. ఆమె తల్లి దొడ్డి నిండా బోడిమెడ కోళ్లుండేవి, పుట్టడమే మెడ మీద ఈకలు లేకుండా పుట్టే జాతి. తల్లి పోయాక కోళ్లూ పోయాయి. ఎక్కడైనా దొరుకుతాయేమోనని సఫూరా ఏళ్ల తరబడి కనిపించిన వాళ్లనల్లా అడిగింది. మొన్నామధ్య అక్క నసీమున్నీసా ఏదో ఊళ్లో ఒకరింట చూసి, గుడ్లు అడిగి, తవుడులో పెట్టి పంపింది. వాటినే ఎర్రపెట్ట కింద పెట్టి ఆమె చీమకుర్తి వెళ్లింది. బుధవారం ఫోటోలో మామూలు పిల్లను చూసి, మెడలు నిండుగా ఉన్నాయన్న మాట విని, ఒక్క గుడ్డు కూడా అమ్మ జాతిది కాదని ఆశ వదిలేసుకుంది.

శ్రీరమ్య మాస్కు దించి, మిగతా పట్టీలు విప్పి చూసింది. “బాగానే ఉన్నాయండీ. జాతి తేడా అయితే పుట్టుకతోనే ఉంటుంది, తోలు శుభ్రంగా ఉంటుంది, పిల్ల హుషారుగా తిరుగుతుంది. ఇవి ఎండకు కూడా బాగా తట్టుకుంటాయి. జబ్బు పిల్లయితే మేత ముట్టదు, ముడుచుకుని ఓ మూల కూర్చుంటుంది” అని, “మరి అదేంటి?” అంది గంప పక్కకు చూపిస్తూ.

మంచి వంశంలో పుట్టిన పసుపు పిల్ల అక్కడ రెక్కలు వాల్చుకుని, ఒళ్లు ఉబ్బించుకుని కూర్చుంది. సఫూరా దాన్ని ఎత్తి వెనక్కి తిప్పింది. రెట్ట అంటుకుని, ఎండిపోయి, దారి మూసుకుపోయింది. “ఫోటోలోనే అనుకున్నా” అంది. “వేణ్నీళ్లు తెండి. దూది తెండి.”

మాబు తెచ్చాడు. ఇంట్లో పొడిగా మిగిలిన దూది ఆ మెడపట్టీల్లోదే. సఫూరా వేణ్నీళ్లలో ముంచిన దూదితో పిల్ల వెనక మెల్లమెల్లగా నానబెట్టి తుడిచింది. ఇంకాసేపు ఆలస్యమైతే దక్కేది కాదని శ్రీరమ్య అంది. వెచ్చగా ఉంచమని చెప్పి, వెళ్తూ వెళ్తూ సుబ్బరావమ్మ కోళ్ల మెడల్లో చీర పీలికలు విప్పించింది. అంకమ్మరావు కాసేపు పరుపును చూసి, కాసేపు పంపును చూసి, ఏసీ గది తలుపు తీయడానికి వెళ్లాడు.

జనం పలచబడ్డాక మాబు నెమ్మదిగా అడిగాడు. “ఈ గుడ్లు మీ అమ్మ జాతివని నాకు ఒక మాట చెప్పి వెళ్లొచ్చుగా?”

“చెప్పాను.”

“ఎప్పుడు?”

“వెళ్లేరోజు. మీరు మిషను మీదున్నారు. పక్కన నిలబడి అంతా చెప్పాను. ఊఁ అన్నారు.”

మాబుకు ఆ రోజు గుర్తొచ్చింది. ఎదురుగా ఎగురుతున్న దూది, మిషను రొద, పక్కన సఫూరా పెదాలు కదలడం. ఊఁ అనడం కూడా గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆ మిషను పక్క నుంచి ఆమె ఏం చెప్పినా అతను ఊఁ అంటూనే ఉన్నాడు.

“ఇంకేం చెప్పావు ఆ రోజు?”

సఫూరా పిల్లను ఒళ్లో వెచ్చగా చుట్టుకుంది. “పిల్లలు లేచాక ఒక్కసారి రమ్మనండి, ఎవరేమన్నా వచ్చేస్తానని చెప్పాను. దానికీ ఊఁ అన్నారు. మీరు రమ్మంటారని మూడు వారాలూ చూశాను. మీరేమో పెట్ట సంగతులే చెప్పారు. పెట్టకు అన్నం సయించట్లేదు, పెట్టకు నిద్ర పట్టట్లేదు. కోళ్లు పెంచినదాన్ని, పెట్ట సంగతి నాకు తెలియదా? ఎవరికి పట్టట్లేదో తెలుసు. మీ నోటితో అంటారేమోనని చూశాను.”

“మరి పాపకు జలుబు?”

“ఏ పాపకు?”

మాబుకు అప్పుడు అర్థమైంది. తను అబద్ధమాడితే ఆమె అబద్ధమాడింది, మధ్యలో కోడిపిల్లలు పరుపులు కట్టుకున్నాయి. మూడు వారాల బెంగ, ఆ పైన ముప్పై ఏళ్ల మాట ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి. దగ్గు కూడా వెంటే వచ్చింది. ఈసారి దగ్గును మింగేశాడు.

“సఫూరా, నువ్వు లేకపోతే నాకు తోచట్లేదు. వచ్చేయ్.”

“వచ్చాను కదండీ” అంది సఫూరా, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. మిరప ఘాటు అనుకోవచ్చు, కానీ కాదు.

ఆ రాత్రి పరుపు అటక దిగింది. మర్నాటి నుంచి సఫూరా వసారాలోకి వస్తే చాలు, మాబు చెయ్యి ముందు మిషను స్విచ్చి మీదికి వెళ్తోంది. ఆమె ఏమీ చెప్పడానికి రాకపోయినా కట్టేసి కూర్చుంటున్నాడు, దాంతో అంకమ్మరావు పరుపు పెళ్లి నాటికి అందుతుందో లేదో తెలియకుండా ఉంది. బోడిమెడ పిల్లలు దొడ్డంతా ఏలుతున్నాయి. పసుపు పిల్ల కూడా బతికి బట్టకట్టింది, కాకపోతే అన్ని బోసిమెడల మధ్య దాని ఒక్కదాని మెడ మీద అంత బొచ్చెందుకు మొలిచిందో ఒకసారి డాక్టరమ్మకు చూపిస్తే మంచిదని సుబ్బరావమ్మ గోడ మీద నుంచి చెబుతూనే ఉంది.